ముందే చెప్పిన సాక్ష్యం

చర్చి సంఘంలో ఆవిడను అందరూ ధైర్యమ్మ అనేవారు. ఎవరికి ఆపరేషన్ అన్నా మంచం పక్కకు చేరి, భయపడటమంటే దేవుణ్ణి నమ్మకపోవడమేనని బైబిలు వాక్యాలతో సహా ఒప్పించి వచ్చేది. పురిటి గదిలో వణికిన సొంత కోడలినీ వదల్లేదు.

అలాంటి మనిషి కంట్లో శుక్లం పడింది. రెండుసార్లు ఆసుపత్రి దాకా వెళ్లి, మందుల వాసన తగలగానే బీపీ పెరిగిందని వెనక్కొచ్చేసింది. ఇంకా ముదిరితే చూపుకు తన పూచీ లేదన్నాడు డాక్టరు. ఆ భయానికి విరుగుడుగా, ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, ఆపరేషన్ అయిపోయిందనీ చీమ కుట్టినంత నొప్పి కూడా తెలియలేదనీ చెప్పేసింది. జరగబోయేదాన్ని జరిగినట్టే ఒప్పుకోవడం విశ్వాసమని ఆ సంఘంలో నేర్పినదే. కాకపోతే ఇంకా జరగలేదన్న ముక్క చెప్పడం మరిచిపోయింది. హాలంతా స్తోత్రాలతో మోగిపోయాక ఇక ఎలా చెబుతుంది?

"ఇప్పుడు చేయించుకోక తప్పదు అత్తయ్యా" అంది కోడలు, వచ్చే నవ్వును పెదవుల దగ్గరే ఆపుకుని.

ఆసుపత్రిలో గౌను తొడిగి, కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో సంఘంలోని కుట్టుపనావిడ, అదే వేషంలో.

"వందనాలక్కా. రెండో కంటికా?"

ధైర్యమ్మ గౌను అంచు సవరించుకుంది.

"సూదిలోకి దారం ఎక్కక ఏడాదైంది. మీ సాక్ష్యం విన్నాకే ఒప్పుకున్నా."

ఊఁ అంటే సరిపోయేది. కోడలు కిటికీ వైపు చూస్తోంది.

"మొదటిదేనమ్మా. ఆ రోజు విశ్వాసంతో చెప్పాను."

"మరి నొప్పి లేదన్నారు?"

"అదీ విశ్వాసమే."

కుట్టుపనావిడ లేచి కాళ్లతో చెప్పులు వెతుక్కుంది. "అయితే నేను బయల్దేరతా."

ధైర్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వెళితే నేనూ ఆగను. నాకు భయంగా ఉంది."

కుట్టుపనావిడ చెప్పులు వదిలేసి మళ్లీ కూర్చుంది.

"మరి ఇన్నాళ్లూ మమ్మల్నెందుకు కసిరారు?"

"మీరు భయపడుతుంటే నాకు భయమేసేదమ్మా."

నర్సు తలుపు తీసింది. "ముందు ఎవరు?"

ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు.

"మా అత్తయ్యే" అంది కోడలు. "అనుభవమున్న మనిషి."

ధైర్యమ్మ గుర్రుగా చూసి, ఆ కోడలి భుజమే పట్టుకుని లేచింది. "తలుపు దాకా ప్రార్థన చెయ్యవే."

"ఏమని చెయ్యమంటారు?"

"భయంగా ఉందని చెప్పు."