నీడ ఎత్తని చెయ్యి

రేవు పక్క పార్కులో పొద్దున్నే రేడియోలో వ్యాయామం పాట మోగుతుంది. పియానో అందుకోగానే ముసలివాళ్లంతా చేతులెత్తుతారు, నడుములు వంచుతారు. పడిశం పట్టినా మానరు. మానితే ఇరుగుపొరుగు పరామర్శకు వస్తారని భయం.

ఆ వేళ నీడలు మనుషులకంటే ఒక రోజు ముందుంటాయి. రేపు మోకాలు పట్టేసేవాళ్ల నీడ ఇవాళే కుంటుతుంది. అయితే ఎవరి నీడ వాళ్లే చూసుకోవాలి. పక్కవాళ్ల నీడ చూడటం కిటికీలోంచి తొంగిచూసినంత తప్పు, చూసింది పైకి అనడం ఇంకా తప్పు. మర్యాదంటే ప్రాణమిచ్చే ఊరు మరి.

ఒక మంగళవారం వెనక వరుసలో ఉన్న నోబుయే చూసేసింది. ముందు వరుసలో ఇసోనో రెండు చేతులూ ఎత్తాడు. ఆయన నీడ ఒక చెయ్యే ఎత్తింది. ఎడమ చెయ్యి తడిగుడ్డలా వేలాడుతోంది. ఇసోనో చేపల పడవ నడిపిన మనిషి, ఎప్పుడూ ఆకాశంకేసే చూస్తాడు.

పోయినేడు తమతో వ్యాయామానికొచ్చే మోరియో నీడ ఇలాగే నేలమీద చతికిలబడింది. కళ్లకు శుక్లాలున్న ఆయనకు అది ఆనలేదు. భార్య కినుయో ఆ రోజు రాలేదు. తక్కినవాళ్లంతా చూసి ఊరుకున్నారు. మర్నాడు మోరియో అక్కడే కూలబడి, మళ్లీ లేవలేదు.

వ్యాయామం అవగానే నోబుయే పరుగెత్తింది.

"ఇసోనో గారూ, ఆగండి. ఆస్పత్రికి వెళ్దాం."

"ఏం, మీకేమైంది?"

"నాకు కాదు. మీ నీడ ఎడమ చెయ్యి ఎత్తలేదు."

అందరూ బిగుసుకుపోయారు. ఇసోనో మొహం కందగడ్డయింది.

"నా నీడ మీకెందుకండీ? నా లాగు చిరుగు కూడా చూశారా?"

"చూశాను. దాని సంగతి తర్వాత. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

"అయిపోయాయి. ఒంట్లో బాగానే ఉంది కదా అని..."

"ఉప్పులో ఊరేసిన ఉమె పళ్లు మాత్రం అయిపోవు!"

"అవి లేకపోతే ముద్ద దిగదు."

"రేపు చెయ్యి పడిపోతే ఆ ముద్ద ఎవరు పెడతారు? నేను మాత్రం పెట్టను."

ఇసోనో తల వంచి మొదటిసారి తన నీడ చూసుకున్నాడు. ఆస్పత్రికి టాక్సీ ఎక్కాడు.

మర్నాడు ఆయన చెయ్యి పడిపోయింది, ఆస్పత్రి మంచం మీద, డాక్టరు పక్కనుండగా. సమయానికి మందు పడింది. చెర్రీలు పూసే వేళకు పార్కుకు తిరిగొచ్చి ఎడమ చెయ్యి భుజం దాకా ఎత్తి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు, కినుయో తప్ప.

"మా ఆయన నీడ కూడా కనపడిందా?" అంది కినుయో నోబుయేతో.

పియానో మొదలైంది. ఎవరి చేతులూ లేవలేదు.

"కనపడింది," అంది నోబుయే. "చెప్పడానికి నోరు రాలేదు."

కినుయో మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఇలా వచ్చి నా పక్కన నిలబడు," అంది చివరికి. "నీ నీడ నాకు కనపడాలి. నాది నువ్వు చూడు."

నోబుయే వెళ్లి నిలబడింది. ఆ పొద్దున పార్కులో అందరూ తలలు వంచి, ఒకరి నీడ ఒకరు చూస్తూ చేతులెత్తారు.