రాతి బంగ్లా గోడలో ఏం కలిపారు

వరంగల్లుకు సముద్రం లేదు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు, స్టేషన్ ఘన్‌పూర్ అవతలి పల్లెలవాళ్ళు తమ పెద్ద చెరువునే సముద్రం అని పిలుచుకుంటారు. వానాకాలంలో అవతలి ఒడ్డు కనబడదు, గాలికి అలలు లేస్తాయి, కాదనడానికి ఎవరికీ నోరు రాదు. ఆ సముద్రం ఒడ్డున నిజాం కాలంలో ఎవరో తాలూక్‌దారు వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్న రాతి బంగ్లా ఉంది. కప్పు కూలి ముప్పై ఏళ్ళుగా గబ్బిలాలు కూడా ఇష్టపడకుండా పడి ఉన్న ఆ బంగ్లాను, హనుమకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం నడిపే లక్ష్మీనారాయణ డెబ్భై ఏడులో కొన్నాడు.

ఎందుకు కొన్నాడో అతని భార్య అనసూయకు అంతుపట్టలేదు. పొట్లం కట్టేటప్పుడు జానెడు దారం ఎక్కువైతే తెంపి దాచుకునే మనిషి. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమెను ఒక్కసారైనా చెరువు గట్టుకు తీసుకుపోయిన పాపాన పోలేదు. అలాంటివాడు ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దుటి ప్యాసింజరుకు ఘన్‌పూర్ వెళ్ళి దీపాలవేళకు తిరిగొస్తున్నాడు. బంగ్లాను పాతది పాతగానే నిలబెట్టాలట. సిమెంటు మాటెత్తితే చెవిలో బూతు పడ్డట్టు ముఖం పెడతాడు.

అంతవరకు అనసూయకు అభ్యంతరం లేదు. మగవాళ్ళకు నడివయసులో ఏదో ఒక పిచ్చి పట్టకపోదు, రాళ్ళ పిచ్చి వాటిలో చవకైనదని సరిపెట్టుకుంది. చిక్కు పొలం దగ్గర వచ్చింది. ఘన్‌పూర్‌లో రెండెకరాలు ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఆమె పేరున రాసిచ్చాడు. బంగ్లా కప్పుకు టేకు దూలాలు కావాలని, ఆ రెండెకరాలు అమ్ముదామని, పై వారం సోమవారం రిజిస్ట్రేషన్ అని లక్ష్మీనారాయణ కాగితం తెచ్చి పెట్టాడు. ఆమె సంతకం ఒక్కటే మిగిలింది. చూద్దాం అంది అనసూయ.

చూద్దాం అనడానికి కారణాలున్నాయి. రెండు నెలలుగా దుకాణంలో నల్లబెల్లం దిమ్మలు బస్తాల లెక్కన మాయమవుతున్నాయి. ఆ బెల్లం ఊళ్ళో ఎవరెందుకు కొంటారో అందరికీ తెలుసు. పక్కింటి భారతి అయితే, గుడుంబ సారా కాయడానికి చెరువు గట్టు మీది పాడుబంగ్లాను మించిన చోటు దొరకదని, అబ్కారీవాళ్ళు అంత దూరం నడవలేరని తీర్పు చెప్పేసింది. అనసూయ నమ్మలేదు. గుడుంబ కాసేవాడి దగ్గర వాసన రావాలి, పైగా డబ్బు రావాలి. ఈయన దగ్గర రెండూ లేవు.

రిజిస్ట్రేషన్‌కు సరిగ్గా వారం ముందు, సోమవారంనాడు, ఉతకడానికి తీసిన చొక్కా జేబులో గుడ్డు పెంకు దొరికింది.

వారి ఇంట్లో గుడ్డు అన్న మాట కూడా నోట రాకూడదు. ఉల్లిగడ్డ కోసిన కత్తిపీటతో వంకాయ తరగనివ్వని అత్తమ్మ ఆ ఇంటికి పెద్ద. అది గుడ్డు పెంకేనని అనసూయ ఎలా పోల్చిందంటే, బి.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో ఒకే ఒక్కసారి ఆమ్లెట్ తింది. ఆ సంగతి ఆమెకూ, అక్కడి వంటమనిషికీ తప్ప మూడోమనిషికి తెలియదు. చొక్కా కఫ్ కూడా గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది. వేడినీళ్ళలో ముంచితే అంటినదంతా తెల్లగా గడ్డకట్టింది.

భారతికి చెప్పకూడదనే అనుకుంది. చెప్పింది.

"మగోడు బయట గుడ్డు తింటాండంటె వండిపెట్టేటామె ఒకామె ఉన్నట్టే అక్కా," అంది భారతి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "గుడ్డు దానంతటది ఉడకది గద."

అనసూయకు ఆ మాట కొట్టేయడానికి వీల్లేకపోయింది. తన పొలం అమ్మి ఇంకొకామె నెత్తిన టేకు కప్పు వేయించడం ఎంత చదువుకున్న ఆడదానికైనా కష్టమే. ఆ మూడు రోజులూ భర్త ముఖాన్ని పరీక్షగా చూసింది. కొంచెం ఒళ్ళు చేశాడేమో అనిపించింది. అంతలోనే, చిక్కిపోయాడనీ అనిపించింది. రెండింటికీ ఒకే కారణం తోచింది.

గురువారం అత్తమ్మతో, అమ్మేముందు పొలాన్ని ఒకసారి కళ్ళారా చూసుకొస్తానని చెప్పింది. అబద్ధం ఆడలేదు. కాజీపేటలో ప్యాసింజరెక్కి, ఘన్‌పూర్‌లో దిగి, పొలం గట్టు మీద నిలబడి చూసింది. కందిచేను ఏపుగా ఉంది. తర్వాత ఎడ్లబండి మాట్లాడుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళింది.

బంగ్లా బాగుంది. ముందు అదే కోపం తెప్పించింది. నల్లరాతి గోడలు, మూడు కమానుల వరండా, కమానుల్లోంచి కళ్ళు జిగేల్‌మనేలా నీళ్ళు. లోపలి గది గోడలకు కొత్తగా సున్నం పూత పూశారు. చెయ్యి పెడితే కొత్త పింగాణీ పళ్ళెంలా చల్లగా, నున్నగా జారింది. మసక మసకగా ఆమె ముఖం కూడా అందులో కనబడింది. ఇంత మురిపెంగా చేయించాడంటే ఎవరికోసమో చేయించినట్టే.

వెనక పెరట్లో ఎడ్లు సున్నం గానుగ తిప్పుతున్నాయి. ఒక కుండలో కరక్కాయలు నానుతున్నాయి, ఇంకో కుండలో నల్లబెల్లం కరుగుతోంది. వేపచెట్టు కింద నడివయసు కూలిమనిషి గంపెడు గుడ్లు ముందేసుకుని ఒక్కొక్కటే పగలగొట్టి, తెల్లసొన బకెట్లోకి, పచ్చసొన గిన్నెలోకి వంచుతోంది. పేరు సమ్మమ్మట. అనసూయ తనది ఘన్‌పూర్ అనీ, బంగ్లా చూడటానికి వచ్చాననీ చెప్పుకుని పక్కనే కూర్చుంది.

సమ్మమ్మ ఆమె అడగకముందే అంతా చెప్పింది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు సున్నంలో పోసి గానుగాడిస్తారట. ఆఖరి పూతలో తెల్లసొన కలిపితేనే గోడ అద్దమవుతుందని, లేకుంటే తాను తాపీ పట్టనని ముసలి మేస్త్రీ మొండికేశాడట. పచ్చసొన కూలోళ్ళదే. ఈ రెండు నెలల్లో తన పిల్లలు దుక్కల్లా అయ్యారంది.

"మరి సేటు తింటడా?" అడిగింది అనసూయ.

"ఆయనా?" సమ్మమ్మ నవ్వడానికి పని ఆపింది. "ముక్కుకు రుమాల్ గట్టుకొని గా మూలకు కూసుంటడమ్మా. గుడ్డు పలుగుతాంటె కండ్లు మూసుకుంటడు. మొన్న ఒక్కటి పట్టుకొమ్మంటె చేతుల్నే పలగ్గొట్టి అంగికంత పూసుకుండు. ఇంట్ల తెలిస్తె అవ్వ గీ ఇంట్ల అడుగు పెట్టదు, భార్య దీపం పెట్టదు, ఎవ్వలకు చెప్పకుండ్రి అని మా అందరితోని ఒట్టేయించుకుండు."

ఆ ఒట్టు నాకు చెప్పేదాకా ఉందన్నమాట అనుకుంది అనసూయ. గోడవైపు మళ్ళీ ఒకసారి చూసి బండెక్కింది.

తిరుగు రైల్లో ఆమె మనసు తేలికపడాలి. సగమే పడింది. ఇంకొకామె లేదు, సంతోషం. కానీ ఇంటి గోడల్లో ఏముందో ఇంట్లో దీపం పెట్టాల్సిన మనిషికి చెప్పకుండా సంతకం మాత్రం పెట్టమంటున్నాడు. కాజీపేట వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆయనంతట ఆయన చెబితే పెడుతుంది. చెప్పకపోతే పెట్టదు.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక లక్ష్మీనారాయణ కాగితమూ కలమూ తెచ్చాడు. ఆమె కలం మూత తీసింది.

"గోడలు అంత నున్నగ ఎట్లొచ్చినయి? ఏమేం కలిపిండ్రు?"

గోడలు నున్నగా ఉన్నాయని ఆమెకెలా తెలుసో అడగాలని అతనికి తోచలేదు. సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ అని వేళ్ళు మడిచాడు. నాలుగు వేళ్ళయ్యాయి. బొటనవేలు ఒక్కటే నిలబడి ఉంది. దాన్ని చూశాడు, అత్తమ్మ పడుకున్న గది తలుపు చూశాడు.

"గంతే," అన్నాడు.

అనసూయ కలానికి మూత పెట్టేసింది. రేపు రోజు బాగాలేదని చెప్పి, పడుకోవడానికి పోయింది.

సోమవారం రిజిస్ట్రేషన్ జరగలేదు. మంగళవారం అతను రెండుసార్లు వంటింటి గడప దాకా వచ్చి, దాహమని చెప్పి నీళ్ళు తాగిపోయాడు. బుధవారం మధ్యాహ్నం, అత్తమ్మ పురాణానికి వెళ్ళిన సమయం చూసి, దుకాణం వదిలి ఇంటికొచ్చాడు. ఖూనీ ఒప్పుకునేవాడి గొంతుతో, "అనసూయ, ఒకటి చెప్పుడు మర్శిపోయిన," అన్నాడు.

ఆమె పోపు గింజలు చిటపటలాడేదాకా ఆగింది.

"ఎన్ని?" అంది వెనక్కి తిరక్కుండానే.

అతను గోడకు ఆనుకున్నాడు. నాలుగు వేల పైచిలుకట. ఆమె రెండు మూడు వందలనుకుంది. తర్వాత పొయ్యి మీది గిన్నె దించి, చేతులు తుడుచుకుని, కాగితం తెప్పించుకుని చదివింది. రెండెకరాలు అని ఉన్నచోట గోటితో గీటు పెట్టింది.

"దీన్ని ఎకరమని దిద్దించుకొని తెండ్రి, సంతకం పెడ్త."

"మరి ఇంకో ఎకరం?"

"అది ఉండనియ్యుండ్రి. మీరు ఇంకేమన్న మర్శిపోయి ఉంటరు."