పట్టుబడికి ముందు మానేసిన మందు

అల్లవరంలో కొత్త కోడలిగా నాకు అప్పజెప్పిన మొదటి పని, మావయ్యగారికి మాత్రలు ఇవ్వడం.

రొయ్యల చెరువుల మీద బతికిన మనిషి. మోకాలికి వేసిన కృత్రిమ కీలు చీము పట్టింది. డాక్టరు దాన్ని తీసేసి, ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. నెలన్నర ఇంజెక్షన్లు, ఆపైన మాత్రలు. చీము పూర్తిగా పోతేనే కొత్త కీలు. లేకపోతే ఆయన మళ్లీ చెరువులోకి దిగలేరు.

పొద్దునా సాయంత్రం కొత్త గాజులు గలగలలాడించుకుంటూ మాత్ర, కొబ్బరినీళ్లు పట్టుకెళ్లేదాన్ని.

"వచ్చేరండీ మా నర్సమ్మగారు!" అనేవారు మావయ్యగారు. ఆ మాటకే నాకు రోజంతా సంబరం.

"మాకేవీ లేవాండీ మాత్రలు?" అని మా ఆయన జీవన్ గుమ్మంలో అడ్డం నిలబడేవారు. నేను నవ్వుకుంటూ ఆయన వెనకే వెళ్లిపోయేదాన్ని.

కొత్త కీలు వేసే ఆపరేషనుకు వారం ముందు ముగ్గురం అమలాపురం వెళ్లాం. డాక్టరు రిపోర్టులు రెండుసార్లు చూశారు. మోకాలి మీద చెయ్యి వేశారు.

"మాత్రలు వేసుకుంటున్నారా, భీమరాజుగారూ?"

"ఆయ్. ఇరవై రోజుల కిందటి దాకా వేసుకున్నానండి."

"అదేంటండీ మావయ్యగారూ! రోజూ ఇస్తున్నాను కదండీ!"

"దిండు కింద ఉన్నాయమ్మా, ఎక్కడికీ పోలేదు." డాక్టరు వైపు తిరిగి ధీమాగా చెప్పారు. "చెరువులో రొయ్యల పట్టుబడికి ముందు మందు ఆపెయ్యాలి కదండీ. రొయ్య ఒంట్లో మందుంటే టెస్టులో దొరికిపోద్ది, కంపెనీవోళ్లు సరుకు తిప్పి పంపేస్తారు. మీరూ నన్ను తిప్పి పంపేస్తారేమోనని ముందే ఆపేసేనండి."

"మీరు రొయ్య కాదండీ," అన్నారు డాక్టరు. ఎవరూ నవ్వలేదు.

నలభై మాత్రలు. మింగేదాకా నేను ఒక్కపూటయినా అక్కడ నిలబడలేదు.

"చీము ఎముకలోకి పాకింది. ఈ మందుకు ఇక లొంగదు. కొత్త కీలు వెయ్యలేమండీ. కాలు నిటారుగా బిగించేస్తాం. అదీ, కాలు దక్కితే."

"పోనీ ఇప్పుడు మొదలెడతానండి. నలభై ఒక్కసారే మింగమన్నా మింగేస్తాను."

డాక్టరు ఏదో రాసుకుంటూ తల ఎత్తలేదు. జీవన్ గోడ వైపు తిరిగిపోయారు.

మావయ్యగారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా ప్రసన్నా. చదువుకున్నదానివి. నీ మాటయితే డాక్టరుగారు వింటారు."

ఆయన లేవబోయి, లేవలేక, నా చెయ్యి పట్టుకున్నారు. ఇంకా చెబుతాననే చూస్తున్నారు.