నమూనా చాకు

"బకెట్టు నిండింది, కుళాయి కట్టేయండని మూడుసార్లు అరిచాను. భోజనానికి రమ్మంటే మాత్రం వీధి చివర నుంచైనా వినపడుతుంది మీకు!"

"ఒక్క బకెట్టు నీళ్ళకి ఇంత రాద్ధాంతమా?" అన్నాడాయన, తడిసిన ప్యాంటు అంచు పిండుకుంటూ.

"నీళ్ళ గురించి కాదు. గోడతో మాట్లాడినట్టుంది నా బతుకు."

భార్యకు జవాబు చెప్పే ఓపిక లేక, చొక్కా జేబులో చాకు ఉందో లేదో తడిమి చూసుకుని బయలుదేరాడు.

మడతచాకుల కార్ఖానాలో కిటికీ పక్క బల్ల ఆయనది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పని ఒకటే: చాకు తెరవడం, వినడం, మూయడం. స్ప్రింగు బిగువుగా ఉంటే అలుగు తెరుచుకోగానే ‘టక్’ మంటుంది. వదులైతే మెత్తగా ‘టుప్’ మంటుంది. అందరూ ఆయన్ని చెవుల మాస్టారు అంటారు. అనుమానం వస్తే తన చాకు తీసి, దాని చప్పుడుతో పోల్చుకునేవాడు. కొమ్ము పిడి బొటనవేలు ఆనేచోట గుంటపడింది. సాన పట్టీ పట్టీ అలుగు సగమైంది. చప్పుడు మాత్రం మారలేదు. కార్ఖానాలో దాన్ని నమూనా అనేవారు.

ఆ ఉదయం యజమాని రెండు ట్రేలు తెచ్చిపెట్టాడు. ఒకదాంట్లో పాతరకం ఉక్కు చాకులు, ఇంకోదాంట్లో తళతళలాడే కొత్తరకం స్టెయిన్‌లెస్ స్టీలువి.

"ఏది ఎక్కువకాలం నిలుస్తుందో సాయంత్రానికి తేల్చండి మాస్టారూ."

తాడు కోసి చూశాడు. కొత్తది నలభయ్యో కోతకే తాడును తెంచకుండా నమలడం మొదలుపెట్టింది. పాతది అరవై దాటినా ఇంకా కాగితాన్ని చీలుస్తూనే ఉంది. యజమాని నిన్ననే ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉంచిన జతను తుడిచాడు. పాతదాని మీద ఎర్రటి మచ్చలు, కొత్తదాని మీద మరకైనా లేదు. వీటికి చెవులక్కరలేదు. స్ప్రింగుల పరీక్షను మాత్రం చివరికి నెట్టాడు. కొన్ని నెలలుగా చెవుల పని బొటనవేలే చేస్తోంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం యంత్రాలు ఆపాక, పెట్టెలు కట్టే ఆమె వచ్చి ఏదో అంది. ఎవరూ వినకూడదని మెల్లగా చెప్పింది. ఆయనకూ వినపడలేదు. ఆమె వేలికి గుడ్డకట్టు ఉంది.

"ఈ చాకు మీరు బాగుందని పంపిన వరుసలోదే మాస్టారూ," అంది కాస్త గట్టిగా. "దారం కోస్తుంటే వేలి మీద మూసుకుంది. ఓనరుకి చెప్పలేదు లెండి."

ఆ చాకును ఆయన చెవి దగ్గర పెట్టి తెరిచింది. "ఏమంటోంది?"

"బాగానే ఉంది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "టుప్ మంది మాస్టారూ."

ఆమె వెళ్ళాక తన చాకును చెవికి ఆనించి తెరిచాడు. బొటనవేలికి స్ప్రింగు తగిలింది. అంతే.

సాయంత్రం చీటీ రాసిచ్చాడు: ‘పదునుకి పాతది. తుప్పుకి కొత్తది. స్ప్రింగుల సంగతి నేను చెప్పలేను.’

"అదేంటండీ, స్ప్రింగులేగా మీ పని!" అన్నాడు యజమాని.

"అందుకే నా బల్లని పెట్టెలు కట్టే ఆమెకివ్వండి. ఆమెకి వినపడుతుంది."

ఇంటికొచ్చి గోడకు జారగిలబడ్డాడు. కాసేపటికి కూతురు వచ్చి భుజం తట్టింది. "నాన్నా, అమ్మ పిలుస్తోంది. అన్నం చల్లారిపోతోంది."

కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాక అన్నాడు: "రేపటి నుంచి నేను పనిలోకి వెళ్ళను."

భార్య చేతిలో గరిటె ఆగింది. "పొద్దున నేనన్న మాటకా?"

"కాదు. నువ్వు నిజంగానే మూడుసార్లు అరిచావా?"

ఆమె లేచి, తన పీట ఆయన పక్కకి జరుపుకుంది. "ఇప్పుడూ మూడుసార్లే పిలిచాను," అంది, చెవి దగ్గరగా.

కూతురు మామూలుగానే యాపిల్ పండు తెచ్చి, కోసిపెట్టమని ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చింది.

కార్ఖానాలో కిటికీ పక్క బల్ల మీద, రేపు వచ్చే ఆమె కోసం, గుంటపడిన కొమ్ము పిడిలో అలుగును దాచుకుని ఆ చాకు మూసి ఉంది.