పసుపు గీత

అరబ్బు దేశంలో, ముసఫ్ఫాలోని ఆ బండ్ల రిపేరు షెడ్డులో ఒక ఆచారం ఉంది. బండి కింద ఏ నట్టు బిగించినా, బిగించినవాడు తన రంగు పెయింట్ పెన్నుతో నట్టు మీద నుంచి పక్క ఇనుము దాకా ఒక గీత గీయాలి. నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. ఎవరి రంగో చూస్తే ఎవరిని పిలిచి తిట్టాలో తెలుస్తుంది. షెడ్డు మేనేజరు, అందరూ ముదీర్ అని పిలిచే సనావుల్లాకి ఈ రెండో ఉపయోగమంటేనే ఎక్కువ మక్కువ.

పెద్దమేస్త్రీ ఆశన్నది ఎరుపు. భూమేశ్‌ది పసుపు. భూమేశ్ పనిలో చేరిన రోజున ఆ పెన్నును అతని జేబులో పెట్టింది ఆశన్నే. "గిదే నీ పేరనుకో. ఎవ్వలకియ్యకు" అన్నాడు. ఆశన్న పరాయివాడు కాదు, భూమేశ్ అక్క మాలతి మొగుడు. వీసా తెప్పించింది ఆయనే, పానా పట్టడం నేర్పింది ఆయనే, పనివాళ్లుండే ఐకాడ్ కాంపులో జ్వరమొచ్చి పడుకుంటే గంజి కాచి పోసిందీ ఆయనే. బావ మాటంటే భూమేశ్‌కి ఇక తిరుగులేదు. ఆ గురే అతని కొంప ముంచింది.

ఆ నెలలో సాలెం అనే ఇక్కడి అరబ్బు ఆయన ఒక పాత అమెరికా పికప్ తెచ్చాడు. డెబ్బైల నాటిది. వాళ్ల నాన్న దాంట్లో ఒంటెలకు గడ్డి మోసేవాడట. ఇప్పుడు గడ్డీ లేదు, నాన్నా లేడు. కొడుక్కి మాత్రం బండి ముక్కు నేలకు వంగి ఉండాలి. బండి ఎంత కిందికి దిగితే అంత అందమని పాతబండ్ల పిచ్చివాళ్ల నమ్మకం, మనం కాదంటే వినరు.

ఆ పని భూమేశ్ చేతికి వచ్చింది. పాత స్ప్రింగులు తీసి, ఆ బండికని చేసిన పొట్టి స్ప్రింగులు వేశాడు. చక్రాన్ని పట్టుకునే ఇనుప ముక్క కూడా మార్చి, చక్రం కాస్త పైన కూర్చునే రకం బిగించాడు. బండిని జాకీల మీద నుంచి దించి, దాని బరువంతా చక్రాల మీద పడ్డాకే చివరి నట్లు బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే లోపలి రబ్బర్లు మెలికపడి తొందరగా చిరుగుతాయి. ఆ సంగతి నేర్పింది కూడా బావే. శనివారం మధ్యాహ్నానికి బండి నిండుగా, ఒద్దికగా నిలబడింది. పసుపు గీతలు గీసి, పనిలో తొడుక్కునే డాంగ్రీ విప్పి కొక్కేనికి తగిలించి, వీసా రెన్యువల్ మెడికల్‌కి పోయాడు. తిరిగి వచ్చేసరికి సాలెం బండి తీసుకుపోయాడు.

బుధవారం ఆ బండి, చెడిన బండ్లను మోసే రికవరీ బండి మీద తిరిగొచ్చింది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు స్ప్రింగు పుటుక్కున విరిగి, బండి ఒక పక్కకు కూలబడిందట. పక్క సీట్లో సాలెం వాళ్లమ్మ ఉంది. దెబ్బలు తగల్లేదు గానీ ముసలావిడ బాగా జడుసుకుందట. సాలెం అరవలేదు. మా నాన్న బండి అని మాత్రం అని, ముదీర్ గదిలోకి పోయాడు.

భూమేశ్ బండి కింద దూరాడు. విరిగిన చోట స్ప్రింగు నీలంగా కమిలి ఉంది. గ్యాస్ మంట పెట్టి కుంగదీసిన ఇనుము అలా అవుతుంది. కుంగుతుంది, బండి దిగుతుంది, సత్తువ చచ్చి ఒకనాడు విరుగుతుంది. అది బద్ధకస్తులు చేసే పని. నట్టు మీద తను గీసిన గీత రెండు ముక్కలై ఉంది, పక్కనే ఇంకో పసుపు గీత కొత్తగా మెరుస్తోంది. తను లేనప్పుడు ఎవరో నట్టు విప్పి బిగించి, తన రంగుతోనే మళ్లీ గీశారు.

సనావుల్లా వంగి చూసి, పసుపు అన్నాడు. ఆయన చూసింది అంతే. రెన్యువల్ కాగితం తన టేబుల్ మీదే ఉందనీ, ఇది చేసినవాడికి ఇక్కడ చోటు లేదనీ, జవాబు మధ్యాహ్నం లోగా కావాలనీ చెప్పి పోయాడు.

ఆశన్న భూమేశ్‌ని నీళ్ల కూలర్ వెనక్కి తీసుకుపోయాడు. శనివారం సాలెం వచ్చి ఇంకో రెండు వేళ్లు దింపమని చెప్పి, పని ఎవరు చేస్తారో చూడకుండా బయటికి పోయాడట. పెద్దమనిషి మాట కాదనలేక స్ప్రింగులు విప్పి మంట పెట్టాడట. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"తొందర్ల ఏ పెన్ను దొరికితే గది తీసిన భూమేశ్, రంగు సూసుకోలే. నువ్వు ఒప్పుకో. నీకింక పెండ్లి గాలే, యాడికన్న పోయి బతుకుతవ్. నన్ను పంపిస్తే మీ అక్క, పిల్లలు ఆగమైతరు."

పెన్ను తన డాంగ్రీ జేబులో ఉండింది కదా, ఎలా దొరికింది అని భూమేశ్‌కి ఒక్కసారి అనిపించింది. అక్క మొహం కళ్లముందుకు రాగానే ఆ ఊహను అక్కడే తొక్కేశాడు. అయిన మనిషిని అనుమానించినందుకు తనమీద తనకే సిగ్గేసింది.

ముదీర్ దగ్గరికి పోయి, నేనే చేశానన్నాడు. సనావుల్లా రెన్యువల్ కాగితాన్ని పక్కకు తోసి, ఖలాస్, ఇక ఇంటికే అన్నాడు. షెడ్డులో తోటివాళ్లు తల తిప్పుకున్నారు. నిన్నటిదాకా పనికి పేరు పెట్టలేని మనిషి, ఇప్పుడు ఒక ముసలితల్లిని చంపబోయినవాడయ్యాడు. ఆ మాట ఎవరూ అనలేదు గానీ అతనికి వినబడుతూనే ఉంది.

టికెట్టు వచ్చింది. కాంపులో సంచి సర్దుకుంటూ అక్కకు ఫోన్ చేశాడు. ఎలా చెప్పాలా అని గొంతు సవరించుకుంటుండగానే మాలతి అందుకుంది.

"వస్తున్నవా తమ్మీ? రా. మనసుల వెట్టుకోకు. మీ బావ మొన్న ఐతారమే చెప్పిండు, ఏదో బండి పని నీ చేతుల చెడిపోయిందట, ఇంటికి తోలుతరేమో అని. నాకు గొన్న దుప్పట్లు నీతోనే పంపుతనన్నడు. కట్టిండా?"

భూమేశ్ మనసులో రోజులు లెక్కపెట్టాడు. ఆదివారం. ఆ రోజు బండి రోడ్డు మీద చక్కగా తిరుగుతోంది. విరిగింది బుధవారం. మంట పెట్టిన మర్నాడే బావకు అంతా తెలుసన్నమాట. స్ప్రింగు నిలవదని తెలుసు, ఎవరి మెడకు చుట్టుకోవాలో కూడా తెలుసు. కొక్కేనికి వేలాడుతున్న డాంగ్రీ జేబులోకి చెయ్యి పెట్టి మరీ ఆ రంగు తీశాడు. నీ పేరనుకో అని ఇచ్చిన చెయ్యే అది. అక్కతో మాత్రం, కట్టిండక్కా అన్నాడు.

ఆశన్న అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, మీద ముడి వేసి ఉంది. బరువు ఎక్కువైందేమో, ఎయిర్‌పోర్టులో ఏమన్నా అంటారేమో అని మాట్లాడుతూనే ఉన్నాడు.

భూమేశ్ లేచి, బావ చొక్కా జేబులోంచి ఎర్రపెన్ను తీసుకున్నాడు. ముడి మీద నుంచి అట్ట దాకా నిదానంగా ఒక గీత గీశాడు.

"నువ్వు గట్టిన ముడి గదా బావా. నీ రంగే ఉండాలె. ఐతారమే అక్కకు చెప్పినవంట."

ఆశన్న ముడి వైపు చూశాడు. చూపు ఆ ఎర్రగీత మీదే ఉండిపోయింది.

బయట ఎయిర్‌పోర్టుకి తీసుకుపోయే వ్యాను హారన్ కొట్టింది. భూమేశ్ పెన్నును బావ జేబులోనే పెట్టి, పెట్టెను భుజానికెత్తుకున్నాడు. ఆశన్న సాయం పట్టబోతే వద్దన్నాడు. దుప్పట్లు అక్కవి, అందుకే మోశాడు.