గోనెగుడ్డ కట్టిన గడ్డపార

పొద్దున్నే మునిరత్నం రాతిగుంత అడుగున గొంతుక్కూర్చుని తడి తుడుస్తున్నాడు. తుడిచిన చోట అరచెయ్యి ఆనించి ఆగుతాడు. రాయి ఆరిపోతుంది. చీలిక తొందరగా ఆరదు.

మనిషి సన్నం. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి వాలి ఉంటుంది. గోళ్లలో రాతిపొడి ఎంత కడిగినా పోదు. పలమనేరు చుట్టుపక్కల ఆయన దిగని బావి తక్కువ. జల పడేదాకా రాతిలో చీలిక వెతకడమే ఇన్నేళ్ల పని. ఈ గుంతలో మాత్రం చీలిక ఉండకూడదు.

గుంత చంద్రకాంతమ్మది, తవ్వింది మునిరత్నమే. ఆమె పట్టుపురుగులు పెంచుతుంది. మార్గశిరం చలికి పురుగులు మల్బరీ ఆకు ముట్టక ముడుచుకుంటాయి. కుంపటి పెడితే పొగకు చస్తాయి. పోయినేడు ఒక పంట మొత్తం అట్లాగే పోయింది. పట్టుపరిశ్రమ ఆఫీసు బాలసుబ్రమణ్యం ఈసారి ఒక ఉపాయం చెప్పాడు. ఎండకు నల్లపీపాల్లో కాగిన నీళ్లు రాతిగుంతలోకి వదిలి, పైన చొప్ప కప్పాలి. చుట్టూ రాయి వేడెక్కి ఆ వేడిని దాచుకుంటుంది. చలి ముదిరినప్పుడు చేతిపంపుతో తోడి, పురుగుల గదిలో గంగాళాలు నింపి గది వెచ్చబెట్టుకోవచ్చు. రాతిలో చీలిక ఉంటే నీళ్లతోపాటే వేడీ పోతుంది.

గుంత పూర్తయినప్పటి నుంచీ నీళ్లు నిలవడం లేదు. పురుగులు గూడు కట్టే వేళ దగ్గరపడింది.

"దొరికిందా అప్పా?" బాలసుబ్రమణ్యం పైనుంచి అడిగాడు.

"దొరికినాది సార్. ఈడనే." మునిరత్నం తల ఎత్తలేదు. "నా గడ్డపార పోటే."

బావి పని ముగించి పైకెక్కేముందు అడుగున ఆఖరి పోటు ఒకటి వేయడం ఆయన ఆనవాయితీ. గంగమ్మను పిలవడం అనేవాడు. ఈ గుంత ముగిసిన రోజు కూడా చెయ్యి తనంతట తానే లేచింది. ఆ పోటుకు వెంట్రుకంత చీలిక విచ్చింది.

చంద్రకాంతమ్మ వంగి చూసింది. "బాగుండాది! ఊట వద్దనే గుంతలో గంగమ్మను పిలిస్తివా?"

"పిలిస్తే వచ్చినాది గానీ, ఉండే నీళ్లు ఎత్తుకొని పొయినాదమ్మా."

ఆమె నవ్వింది. నవ్వు ఆగాక పురుగుల గది వైపు చూసింది. "ఈ పంటా పోతే ఇంక నా వల్ల కాదప్పా. మల్బరీ పెరికేస్తా."

మునిరత్నం మన్ను తట్ట దగ్గరికి లాక్కున్నాడు. బంకమన్నులో సున్నం, బెల్లం నీళ్లు కలిపి కాళ్లతో తొక్కాడు. గడ్డపార అందుకుని ఆగాడు. మొనకు గోనెగుడ్డ మందంగా చుట్టి, పురికొసతో బిగించాడు. ఇప్పుడది పొడవదు, దంచుతుంది. చీలిక పొడుగునా ముద్ద పెట్టి దంచాడు. మధ్యాహ్నం సంగటి తాడుకు కట్టించి దింపించుకుని కిందనే తిన్నాడు. దగ్గు వచ్చినప్పుడు గోడకు ఆనుకున్నాడు. తగ్గాక మళ్లీ దంచాడు.

పైకెక్కేముందు చెయ్యి మళ్లీ గడ్డపార ఎత్తింది. మొనకున్న గుడ్డ చూసుకుని నెమ్మదిగా దించాడు.

పొద్దు వాలకముందే పీపాల నీళ్లు వదిలారు. నీటి అంచున గోడ మీద సున్నంతో గీత గీశాడు. "నీళ్లు గీత దిగకుంటే నిలిసినట్టేనమ్మా. రేపొచ్చి సూస్తా." తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని పోయాడు.

మర్నాడు ఆయన రాలేదు. అల్లుడు చిన్నబ్బ వచ్చాడు.

"మామ పొయినాడమ్మా. నిద్దర్లోనే. అత్త లేపితే లేయలేదు."

చంద్రకాంతమ్మ గుంత దగ్గరికి నడిచింది. చొప్ప తొలగించి చూసింది. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. చెయ్యి ముంచింది. వెచ్చగా ఉన్నాయి. గంగాళాలు నింపి, గది తలుపు దగ్గరగా వేసి, చిన్నబ్బ వెంట మునిరత్నం ఇంటికి బయలుదేరింది.

ఆ వారంలోనే పురుగులు తలలెత్తి దారం తీశాయి. లేతపసుపు గూళ్లు ఒకటొకటే గట్టిపడ్డాయి. మల్బరీ తోట ఎవరూ పెరకలేదు.

గుంత గట్టు మీద గడ్డపార ఆయన ఆనించినట్టే ఉంది. మొనకు కట్టిన గోనెగుడ్డ మీద బంకమన్ను ఎండి, ఆయన వేళ్ల అచ్చులతో బిగుసుకుపోయింది.