కనుబొమ్మ మీద గాటు

ఫిక్రీ నోట్లో నువ్వుగింజ నానదని సూయెజ్‌లో చేపల బజారు వీధి వీధంతా ఎరుగును. ఆ మాట మొహం మీదే అన్నా నవ్వేసేవాడు. బిగుసుకుపోయి కూర్చున్న మనిషిని కాస్త సర్దుకోనివ్వాలంటే ఫోటోగ్రాఫరుకి మాటలు రావాలి కదా అనేవాడు. నిజమే, కాదనను. కానీ ఆ నోటి వల్లే ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది. నోరొక్కటే కాదు, షాపు ముందున్న అద్దాల కిటికీ కూడా కారణమే, దాని సంగతి ముందు చెప్పాలి.

ప్రతి స్టూడియోకీ ముందొక అద్దాల కిటికీ ఉంటుంది. అందులో పెళ్ళికూతుళ్ళని, బోసినవ్వుల పిల్లల్ని పెద్ద సైజులో పెడతారు. గురువారం గురువారం మారుస్తారు. శుక్రవారం సెలవు కదా, జనం తీరిగ్గా తిరుగుతూ చూస్తారు. ఫిక్రీ కిటికీలో మాత్రం నడిమధ్య చోటు పాస్‌పోర్టు ఫోటోది. అదీ వాడి గర్వం. ఇరవై రెండేళ్ళలో పాస్‌పోర్టు ఆఫీసు నుంచి తన ఫోటో ఒక్కటీ తిరిగి రాలేదు. వెనక తెల్లగా ఉండాలి, నీడ పడకూడదు, రెండు చెవులూ కనపడాలి, నోరు మూసుకోవాలి, దిద్దుబాటు అసలు పనికిరాదు. ఈ సూత్రాలు ఫిక్రీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు.

ఆ బుధవారం షాజ్లీ అనే కుర్రాడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగ్ పనిట, కువైట్ వెళ్ళాలిట. యాస వింటేనే తెలుస్తోంది, దక్షిణాది సయీదీ మనిషి. ఎడమ కనుబొమ్మని రెండు ముక్కలు చేస్తూ పాత గాటు ఒకటుంది. స్టూలు మీద కూర్చున్నవాడు ఊరికే గుమ్మం వైపు చూస్తున్నాడు.

"ఉస్తాద్, ఈ గాటు తీసేయొచ్చా?" అన్నాడు మెల్లిగా.

"నువ్వేమన్నా పెళ్ళికూతురివా?" అన్నాడు ఫిక్రీ. "వాళ్ళకైతే తీస్తాను. మొటిమలు తీస్తాను, మచ్చలు తీస్తాను, అత్తగారి మీద కోపం కనపడితే అదీ తీస్తాను. పాస్‌పోర్టుకి మాత్రం ఉన్నది ఉన్నట్టే."

"పెన్సిల్‌తో కొంచెం రుద్దితే పోతుందంటున్నారు."

"పోతుంది నాయనా. తర్వాత నువ్వూ పోతావు. ఫోటోలో లేని గాటు మొహం మీద కనపడితే విమానం ఎక్కనిస్తారా? నీ మంచికే చెబుతున్నాను, గడ్డం ఎత్తు."

కుర్రాడు గడ్డం ఎత్తాడు. ఫోటో అయ్యాక లేస్తూ ఒక మాటడిగాడు. "ఫోటోలు నా చేతికే ఇవ్వండి ఉస్తాద్. మావాళ్ళమని ఎవరొచ్చినా ఇవ్వద్దు."

"ఆదివారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక రా. నీ చేతికే ఇస్తా," అన్నాడు ఫిక్రీ. అప్పటికే మనసు ఫోటో మీద ఉంది. లైటు అంత చక్కగా కుదరడం ఏ ఆరునెల్లకో ఒకసారి. చీటీ మీద పేరూ తేదీ తప్ప ఇంకేమీ రాసుకోలేదు.

గురువారం పొద్దున ఫోటో కడిగి చూస్తే ఫిక్రీ కళ్ళు మెరిశాయి. గాటు మీద ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. చూడండి, దేన్నీ దాచలేదు, ఇదీ అసలైన పాస్‌పోర్టు ఫోటో అని నలుగురికీ చూపించాలనిపించింది. మోచేయంత పెద్దది చేసి కిటికీ మధ్యలో తగిలించాడు. ఎవరినీ అడగలేదు. మా వీధిలో ఎవరడుగుతారు? కిటికీలో మొహం పడితే జనం స్వీట్లు పంచుతారు.

శుక్రవారం మధ్యాహ్నం పై అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఫిక్రీ భార్య నయీమా కిందికి చూసింది. పొడుగాటి జుబ్బా, తలపాగా ఉన్న మనిషి ఒకడు కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. బట్టలన్నీ ఆరేసి, తొట్టె లోపల పెట్టి వచ్చి చూసినా అక్కడే ఉన్నాడు.

"ఎవరో నీ ఫోటోలకి మొహం వాచినట్టున్నారు," అంది లోపలికొచ్చి.

ఫిక్రీ పొంగిపోయాడు.

శనివారం ఆ మనిషే షాపులోకి వచ్చాడు. నలభై దాటిన వయసు, మాసిన గడ్డం, పేరు దియాబ్ అన్నాడు. గుర్తింపు కార్డుకి ఫోటో కావాలన్నాడు. మాట నెమ్మది, మనిషి మర్యాదస్థుడు. చేతికి నల్లగుడ్డ కట్టుకుని ఉండడం చూసి ఎవరు పోయారని అడిగాడు ఫిక్రీ.

"మా నాన్న. పద్నాలుగు నెలలైంది."

"అయ్యో. ఆయన మిగిల్చిన ఆయుష్షు మీకు కలవాలి," అన్నాడు ఫిక్రీ. ఎవరైనా పోతే మేం చెప్పే మాట అదే.

"వద్దు ఉస్తాద్," అన్నాడు దియాబ్. కోపంగా కాదు, టీ వద్దన్నంత మామూలుగా. "మేమింకా పరామర్శ తీసుకోవడం లేదు."

ఏదో వాళ్ళ ఆచారమనుకున్నాడు ఫిక్రీ. లైట్లు సర్దుతూ కబుర్లలో పడ్డాడు. దియాబ్ కిటికీ వైపు చూపించి, ఆ ఫోటో చాలా బాగుంది, మావాడిలా ఉన్నాడు అన్నాడు. ఇంకేం కావాలి మన ఫిక్రీకి? వెల్డింగ్ పనని చెప్పాడు, కువైట్ అని చెప్పాడు, గాటు తీసేయమంటే తనెలా వద్దన్నాడో నటించి మరీ చూపించాడు. రేపు అసర్ తర్వాత వస్తాడు, మీవాడేమో మీరే చూసుకోండి అని కూడా అన్నాడు.

"చూసుకుంటాం," అన్నాడు దియాబ్. "పేరేమన్నారు?"

"షాజ్లీ."

దియాబ్ తలూపి, ఫోటో తీయించుకుని వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర, వేయించిన చేప ముల్లు తీస్తూ ఫిక్రీ ఈ కథంతా పెళ్ళానికి చెప్పాడు. నవ్వు తెప్పిద్దామనే చెప్పాడు. పరామర్శ వద్దన్నాడే, ఇదేం ఆచారమే మీవాళ్ళది అన్నాడు. నయీమాది దక్షిణాన సొహాగ్ దగ్గర పల్లె. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆ ఊరి మాటలు ఎక్కువ మాట్లాడదు. అన్నం ముద్ద పళ్ళెంలో వదిలేసింది.

"పద్నాలుగు నెలలైనా తీసుకోలేదన్నాడా?"

"అవును. ఏం?"

"చంపబడిన మనిషికి మావైపు పరామర్శ తీసుకోరయ్యా. బదులు తీర్చుకున్నాకే పందిరేసి కూర్చుంటారు. అంతవరకూ గడ్డం గీయరు, నల్లగుడ్డ విప్పరు." ఆమె పళ్ళెం పక్కకి జరిపింది. "ఆ కుర్రాడి ఆచూకీ చెప్పేశావా?"

ఫిక్రీ చేప ముల్లు పక్కన పెట్టాడు. "ఆ కుర్రాడు ఎవర్నీ చంపే రకం కాదే. నేను మొహాలు చూసి చెప్పగలను."

"చంపినవాడు ఎవరైతేనేం. చంపినవాడి ఇంట్లో మంచివాణ్ణి చూసి ఎంచుకుంటారు. వాణ్ణి ఆ గాటు గుర్తుతో వెతుకుతూ ఉండి ఉంటారు. నువ్వు కిటికీలో పెట్టి చూపించావు."

ఇంతకన్నా తిట్టేం కావాలి. ఆ మధ్యాహ్నం ఫిక్రీ కాలుగాలిన పిల్లి అయ్యాడు. ముందు పరిగెత్తుకెళ్ళి కిటికీలోంచి ఆ ఫోటో తీసేశాడు. వెనకున్న గుడ్డ చుట్టూ ఎండకి వెలిసిపోయి, ఎప్పుడూ ఏదో ఒక ఫోటో ఉండే ఆ చోట రంగు నిలిచిన చదరం ఒకటి మిగిలింది. ఇంకో ఫోటో తెచ్చి కప్పే ఓపిక లేకపోయింది. తర్వాత యార్డుకి వెళ్ళాడు. ఇంటింటికీ టెలిఫోన్లు లేని రోజులవి, మనిషిని వెతకాలంటే కాళ్ళే గతి. గేటు దగ్గర కాపలావాడు షాజ్లీ అనేవాడెవడూ లేడన్నాడు. గాటు సంగతి చెబితే, అక్కడ టీ తాగుతున్న సయీదీలు నలుగురూ ఒకేసారి మాటాపేసి నేల చూశారు. ఫిక్రీని వాళ్ళు నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?

"పోలీసులకి చెబుదాం," అన్నాడు ఇంటికొచ్చి.

"ఏమని? ఒకతను మా కిటికీ వైపు చూశాడు అనా?" అంది నయీమా. "ఇద్దర్నీ పిలిచి ఒకే బల్ల మీద కూర్చోబెడతారు. వినయ్యా. షాపు మూసేసినా ఆ కుర్రాడొచ్చి తలుపు ముందు నిలబడతాడు. వాడు షాపు దాకా రాకూడదు. ఫోటోల కవరు నేను తీసుకెళ్తా. వాడి మొహం ఫోటోలో చూశాగా. యార్డు వైపు నుంచి వచ్చేవాడు చేపల బజారు మలుపు దాటాల్సిందే, అక్కడే పట్టుకుని చేతిలో పెట్టి పంపేస్తా. ఆ సేపు ఆ దియాబ్‌ని నువ్వు లోపల కూర్చోబెట్టు. మాటలు నీకు నేర్పాలా?"

చివరి మాట ఎత్తిపొడుపే. ఫిక్రీ తలొంచుకున్నాడు.

ఆదివారం అసర్‌కి ముందే దియాబ్ ఎదురుగా కాఫీహోటల్ పందిరి కింద ఉన్నాడు. బల్ల మీద డామినో బిళ్ళలు సగం ఆటలో పరిచి ఉన్నాయి. రెండు టీ గ్లాసులున్నాయి. ఫిక్రీ అవి చూశాడు, కానీ మనసుకి ఎక్కలేదు. వాడి చూపంతా దియాబ్ జుబ్బా జేబు మీదే ఉంది.

"దియాబన్నా," అని గుమ్మంలోంచి పిలిచాడు. "మీ ఫోటో సరిగ్గా రాలేదు. ఒక చెవి కనపడటం లేదు, ఆఫీసులో తిప్పి పంపుతారు. మళ్ళీ తీయాలి, ఒక్క ఐదు నిమిషాలు."

దియాబ్ వెంటనే లేచి వచ్చాడు. అంత తేలిగ్గా రావడం ఫిక్రీకి నచ్చలేదు. అయినా లోపలి గదిలోకి తీసుకెళ్ళి తెర వేశాడు. ఆ గదికి కిటికీ లేదు. వెనక మెట్ల మీద నయీమా చెప్పుల చప్పుడు దిగి, సందులోకి వెళ్ళి, వినపడకుండా పోయింది. బుట్టలో కూరాకు కింద కవరు ఉంది.

"తలపాగా తీయాలన్నా. చెవులు రెండూ కనపడాలి."

దియాబ్ తీశాడు. ఫోటో తీశాడు ఫిక్రీ. కళ్ళు మూశారన్నాడు. మళ్ళీ తీశాడు. వెనక నీడ పడిందని లైటు జరిపాడు, జరిపిన లైటు మళ్ళీ ఉన్నచోటికే తెచ్చాడు. కాలరు వంకరన్నాడు. ఇరవై రెండేళ్ళ సూత్రాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి, ఆ మనిషికీ గుమ్మానికీ మధ్య పేర్చాడు. చంకలు తడిసిపోయాయి. బయట అజాన్ వినిపించింది. దియాబ్ పెదాలు కదిపి దువా చదువుకుని, మళ్ళీ కెమెరా వైపు చూశాడు.

"ఇంకేమన్నా ఉందా ఉస్తాద్?"

"భుజాలు. ఎడమది కొంచెం దింపండి."

దింపాడు. చెప్పిందల్లా చేశాడు. ఫోటోకి కూర్చున్నవాళ్ళు విసుక్కుంటారు, జోకులేస్తారు, టైమెంతని అడుగుతారు. ఇతను ఒక్కసారి కూడా టైము అడగలేదు. అప్పుడు వేసింది ఫిక్రీకి అసలు భయం.

తెర జరిగింది. నయీమా రొప్పుతూ నిలబడి ఉంది. "చేపలు దొరికాయి," అంది. ముందుగా అనుకున్న మాట అది. కవరు అందింది, కుర్రాడు తిరిగి వెళ్ళిపోయాడు అని అర్థం. ఫిక్రీ కెమెరా కాలు పట్టుకుని నిలబడ్డాడు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు లోపల్లోపల.

దియాబ్ లేచి, గోడకున్న చిన్న అద్దంలో చూసుకుంటూ తలపాగా చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మీది మావైపేనామ్మా?" అన్నాడు నయీమాతో.

ఆమె బుట్ట ఒంటికి దగ్గరగా పట్టుకుంది.

"అనుకున్నాను. నిన్న సాయంత్రం చూస్తే కిటికీలో ఫోటో లేదు. ఇంట్లో ఎవరికో సంగతి తెలిసిందనుకున్నాం. యార్డు దాకా కూడా వెళ్ళారట ఉస్తాద్, పాపం." తలపాగా చివర దోపుకున్నాడు. "ఇంక వాడు షాపుకి రాడు, రానివ్వరు. మీ దగ్గర్నుంచే ఎవరో ఒకరు వాడి దగ్గరికి వెళ్తారు. లేకపోతే ఇంత ఊళ్ళో వాణ్ణెక్కడ వెతకడం? మీరు బుట్టతో సందులోంచి రాగానే మా తమ్ముడు మీ వెనకే నడిచాడమ్మా."

తెర తీసే ఉంది. గుమ్మంలోంచి కాఫీహోటల్ బల్ల కనపడుతోంది. రెండు కుర్చీలూ ఖాళీ. డామినో బిళ్ళలు అలాగే ఉన్నాయి. డామినో ఒక్కడే ఆడడని పసివాడికి కూడా తెలుసు. తెలివితక్కువ వెధవని అని ఫిక్రీ తనని తాను తిట్టుకున్నాడు, కానీ ఆ తిట్టు ఎవరికి పనికొస్తుంది?

చేపల బజారు వైపు నుంచి ముందు ఒక ఆడమనిషి కేక వినిపించింది. తర్వాత చాలా గొంతులు. దుకాణాల రేకుతలుపులు ఒకదాని తర్వాత ఒకటి కిందికి పడుతున్నాయి. నయీమా చేతిలో బుట్ట జారి కూరాకు నేల మీద పడింది. వాడు నాకు థాంక్స్ చెప్పాడయ్యా, అక్కా అన్నాడు అని అంటూ అక్కడే గోడవార కూలబడింది.

దియాబ్ తొందరపడలేదు. చేతికున్న నల్లగుడ్డ ముడి పళ్ళతో విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. వచ్చి ఫిక్రీ ఎదురుగా నిలబడ్డాడు. ఫోటోకి నిలబడ్డంత నిటారుగా నిలబడ్డాడు.

"నిన్న మా నాన్న గురించి మీరొక మాట చెప్పబోయారు ఉస్తాద్," అన్నాడు. "ఇప్పుడు చెప్పండి. తీసుకుంటాం."

ఫిక్రీ నయీమా వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. బయట ఎవరో పరిగెడుతున్నారు. జన్మలో మొదటిసారి వాడికి నోరు పెగల్లేదు. దియాబ్ ఆగాడు, మర్యాదగా, ఎంతసేపైనా ఆగేలా చూస్తూ నిలబడ్డాడు.

"ఆయన మిగిల్చిన ఆయుష్షు," అన్నాడు ఫిక్రీ, "మీకు కలవాలి."

"సంతోషం," అని దియాబ్ చెయ్యి కలిపి, వీధిలోకి దిగి, బజారుకి ఎదురుదిక్కున నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.